పులిసే పెట్టె

ఇసకపల్లి ఐసు ఫ్యాక్టరీ మూసేసిన రోజు
జీతం బాకీ కింద
మేనేజరు గది ఏసీలోంచి ఊడదీసిన రాగి గొట్టం ఇచ్చారు.
మా మిషన్లలో రాగి ఉండదు,
అమ్మోనియాకి రాగి పడదు.
ఇరవై రెండేళ్ళు అమ్మోనియా పీల్చిన ముక్కుతో
దాన్ని వాసన చూశా.
ఏ వాసనా లేదు. బరువు మాత్రం ఉంది.

అల్లూరులో మా పెరటిగోడ మేకుకి తగిలించి
మూడు నెలలు ఊరికే చూశా.
చల్లబరచడం తప్ప వేరే పని రానోడికి
చల్లబరచడానికి ఏదో ఒకటి కావాలి గదా.

మొదటి సరంజామా ఎంతని?
పెళ్ళిళ్ళ గుండిగ, ఖాళీ రంగు డబ్బా, సెలైన్ గొట్టం.
మందుల షాపు బార్లీ తెచ్చి నానేసి
నాలుగు రోజులు తడిగుడ్డ కప్పా.
ఒక్క గింజా మొలకెత్తలా.
"పొట్టు తీసింది ఎట్టా మొలుస్తాదయా,
బోడిగుండుకి జడేసినట్టు," అంది మస్తానమ్మ
చేట ఆపకుండానే.
ఆమే రాగులు మొలకెత్తించింది.
మిద్దె మీద ఆరబోస్తే
పిచికలు పన్ను వసూలు చేసుకోగా మిగిలింది నాకు.

ఆ తొలి కాపు ఒట్టి జిగురు.
వడకట్టే గుడ్డలో అలిగిన అల్లుడిలా కూర్చుంది,
కిందికి దిగనంది.

పాలక్యాను మోసుకుని కావలి పోయా,
కరీముల్లా వెల్డింగు షాపుకి.
అడుగున చిల్లుల పళ్ళెం కావాలన్నా.
"ఎన్ని చిల్లులు?"
"నీకు విసుగు పుట్టేదాకా."
మూడొందల పన్నెండు దగ్గర పుట్టింది.
కోవూరు మిల్లులో అడిగి తెచ్చిన ఊక
నాలుగు గుప్పిళ్ళు కలిపితే
జిగురుకి సందు దొరికింది.
రాగుల రసం రాగి గొట్టంలో తిరిగి తిరిగి
పొగలు మాని బయటికొచ్చింది.
ఆ సన్నటి ధార కింద చెయ్యి పెట్టి
చాలాసేపు తియ్యలా.

అరవై అయిదు డిగ్రీలు, గంటసేపు.
వేడి పెరిగితే గింజలో పనివాళ్ళు చస్తారు,
తగ్గితే కునుకు తీస్తారు.
చేదుకి ఉగాదినాడు మిగిలిన వేపపువ్వు.
నీళ్ళు మాత్రం క్యాను నీళ్ళే,
మా బోరు నీళ్ళు రొయ్యలకి తప్ప ఎవరికీ నచ్చవు.

తొందరపడి సీసాలకి బిరడాలు బిగించిన రాత్రి
రెండు పేలాయి.
పక్కింటి పెంచల నరసింహం టార్చి పట్టుకుని
గోడ మీంచి, "బండ పేలిందా మావా?" అన్నాడు.
"లేదబ్బయా, బుద్ధొచ్చింది," అన్నా.

అప్పుడొచ్చింది పెట్టె.
కూల్‌డ్రింకుల కొట్టోడి పాత ఫ్రిజ్,
హేచరీవాళ్ళు పారేసిన థర్మోస్టాట్.
ఇరవై దగ్గర నిలబెట్టా.
తెల్లారి చూస్తే ముప్పై.
మళ్ళీ ఇరవై పెట్టా. మళ్ళీ ముప్పై.
సర్క్యూటంతా విప్పి బిగించా.
మూడో రోజు పీపా వెనక
మూత పెట్టిన గిన్నె కనిపించింది.
ఇడ్లీ పిండి.

"మార్గశిరం చలికి పొంగడం లా," అంది.
"నా మందు చెడిపోతాది."
"నా ఇడ్లీ రాయవుతాది."
నలభై ఏళ్ళుగా ఆమె ఏ మీటరూ లేకుండా
మోచేత్తో గిన్నె తాకి చెప్పే సంగతినే
నేను మూడేళ్ళుగా వైర్లతో వెతుకుతున్నానని
అప్పుడు తట్టింది. పైకి అనలా.
థర్మాకోల్ అడ్డుగోడ కట్టా.
ఎడమ గది ఇరవై, చల్లగా.
కుడి గది ముప్పై, జీరో బల్బుతో.
రెండు గదులకి రెండు మీటర్లు.
ఆమె వంగి చూసి
"నా వైపు ఇరుకు," అంది.

కరెంటు పోయిన రాత్రుల్లో
పెట్టె పక్కన చాప వేసుకుంటా.
నీళ్ళ సీసాలో ముంచిన సెలైన్ గొట్టం
గుబుక్కుమంటుంది.
నిమిషానికి పదకొండు. తెల్లారేసరికి తొమ్మిది.
ఐసు ఫ్యాక్టరీలో కంప్రెసర్ చప్పుడుకి నిద్రపట్టేది.
ఇప్పుడు దీనికి.

మొన్న మొదటిసారి నురగ నిలిచింది.
స్టీలు గ్లాసులో, వేలెడు మందాన.
మస్తానమ్మ నాలిక్కొనకి తగిలించుకుని
"కషాయానికి బానే ముస్తాబు చేశావు," అంది.
గ్లాసు తిరిగివ్వలా.

నేనొక గుక్క తాగా.
బాగుంది. నిజంగానే బాగుంది.
అప్పుడు చూశా,
కుళాయి మెడ దగ్గర ఒక చుక్క
పడదామా వద్దా అని వేలాడుతోంది.

పదిహేడో నంబరు స్పానరు
యాడ పెట్టానో.